అర్థమైందా? అయింది మిస్!

బడిలో రోజూ పదులసార్లు వినిపించే అబద్ధం ఒకటుంది. పాఠం ముగించి, బోర్డు మీద నుంచి చూపు ఇటు తిప్పి టీచరు "అర్థమైందా?" అంటారు. "అయింది మిస్!" అని తరగతి మొత్తం రాగం తీస్తుంది. ఎందరికి అర్థమైందో టీచరుకు తెలియదు. అర్థం కాని పిల్లలకు మాత్రం ఎవరి సంగతి వాళ్ళకు తెలుసు. చెప్పరంతే.

గురుశిష్య సంబంధం అనగానే మనకు భక్తి, వినయం, పాదాభివందనం గుర్తొస్తాయి. పిల్లల చదువు మీద పనిచేసే పరిశోధకులు వెతికేది వేరు. ఎనిమిదేళ్ళ పిల్లాడు "ఇది నాకు రాదు" అన్న సంగతిని టీచరు కంటబడేలా పెట్టగలడా, దాచుకుంటాడా? టీచరు ప్రేమ ఎక్కం నేర్పదు, ఒత్తులు దిద్దదు. కానీ పిల్లాడికి ఎక్కడ రాలేదో టీచరుకు తెలిసే దారి దాదాపు అదొక్కటే.

హెబ్బగోడిలో ఆ దారికి మలుపులెక్కువ. బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే రోడ్డు మీద, ఎలక్ట్రానిక్ సిటీ దాటాక, బొమ్మసంద్ర పారిశ్రామికవాడను ఆనుకుని ఉంటుందీ ఊరు. ఆనేకల్ తాలూకా. 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను ఇటు వచ్చింది, స్టేషను పేరు బయోకాన్ హెబ్బగోడి. ఆనేకల్, హోసూరు ప్రాంతంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్ళకు తోడు కంపెనీల్లో, గార్మెంట్సులో, కట్టడం పనుల్లో బతుకు వెతుక్కుంటూ రాయలసీమ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తమిళం, హిందీ కలగలుపు, బడిలో కన్నడమో ఇంగ్లీషో. మొన్నటిదాకా "అయ్యోరూ" అని పిలిచిన నోటితో ఇక్కడ "మేష్ట్రే" అనో "మిస్" అనో పిలవాలి. అద్దె పెరిగితే ఇల్లు మారుతుంది, కంపెనీ మారితే ఏరియా మారుతుంది, ఏరియాతో పాటు బడి. పిల్లాడి పేరు టీచరు నోటికి అలవాటయ్యేలోపే వాళ్ళ సామాను ఆటో ఎక్కేసి ఉండొచ్చు.

ఒక లెక్క చూద్దాం. మూడో తరగతి పిల్ల 42లోంచి 17 తీసేసి 35 అని రాసింది. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కన 25 వేయడం క్షణం పని. అలా కాకుండా పక్కన కూర్చుని "ఎట్లా చేశావమ్మా?" అని అడిగితే చెబుతుంది: 7లోంచి 2 పోతే 5, 4లోంచి 1 పోతే 3. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలని ఎప్పుడో ఎవరో చెప్పారు. ఆ మాటను తు.చ. తప్పకుండా పాటిస్తోంది పాపం. ఇది పరధ్యానం కాదు, తనదైన ఒక పద్ధతి. వంద తీసివేతలిచ్చి ఇంపోజిషన్ రాయిస్తే ఆ పద్ధతే ఇంకా గట్టిపడుతుంది. పదిని విడగొట్టి అప్పు తెచ్చుకోవడం దగ్గర చిక్కుపడిందని తెలిస్తే, పుల్లల కట్టలు విప్పి చూపించి సరిచేయొచ్చు. అయితే "ఎట్లా చేశావు?" అన్న మాట ఆ పిల్లకు తిట్టులా కాక ప్రశ్నలా వినిపించాలి. మాట అదే. ఎలా వినిపిస్తుందన్నది అంతకుముందు కొన్ని నెలలుగా ఆ ఇద్దరి మధ్య నడిచినదాన్ని బట్టి ఉంటుంది.

తిట్టులా వినిపిస్తే బుర్రలో ఏం జరుగుతుంది? మనసులో లెక్క కట్టేటప్పుడు అంకెల్ని కాసేపు పట్టి ఉంచుకోవడానికి మనకున్న చోటు చాలా కొంచెం. దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. 42, 17, తెచ్చుకున్న అప్పు, మిగిలిన పదులు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2001లో మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ అమెరికాలో కాలేజీ విద్యార్థులకు పరీక్షలు పెట్టి చూశారు. లెక్కలంటే బెదురున్నవాళ్ళకు ఆ చోటు లెక్క చేసే సమయంలోనే కుంచించుకుపోతోందని, చేతికి మిగుళ్ళు వచ్చే కూడికల దగ్గర దెబ్బ ఎక్కువగా ఉందని తేలింది. కాలేజీ పిల్లలకే అలా ఉంటే, "ఇప్పుడు కొడతారా, నవ్వుతారా" అని టీచరు ముఖం చూస్తున్న ఎనిమిదేళ్ళ పిల్లకు ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

కొట్టడం సంగతి మనదగ్గర ఊహించుకోవాల్సిన పని లేదు. యంగ్ లైవ్స్ అనే పరిశోధన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల బతుకుల్ని వెంబడించి నమోదు చేస్తోంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ ఇదే పని సాగింది. 2009లో మన ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడిగితే, గడచిన వారంలో టీచరు చేత దెబ్బలు తిన్నామన్నవారు 78 శాతం. నాలుగు దేశాల్లోనూ మనదే పై స్థానం. పదిహేనేళ్ళ వాళ్ళలో అది 34 శాతం. అంటే చేతికి అందే వయసు వాళ్ళకే ఎక్కువ పడుతున్నాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం 2010 ఏప్రిల్ నుంచి కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషిద్ధమే.

"దండం దశగుణం భవేత్" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "మా సారు తోలు తీశాడు, అందుకే ఇంతవాణ్ణయ్యాను" అని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకున్నవాళ్ళే. అదే సారు దెబ్బలకు ఐదో తరగతిలో బడి మానేసినవాళ్ళు పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి రారు, మైకు అందుకోరు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం బిడ్డల శిక్షణ రాసి ఎన్నో దశాబ్దాలైనా, ఈ వాదన మాత్రం ముసలిదవలేదు.

సంబంధం బాగుంటే చదువు ఎంత మెరుగవుతుందన్న ప్రశ్నకు జవాబు మనం ఆశించినంత సూటిగా లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన డెబోరా రోర్డా బృందం 2011లో 99 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి లెక్కగట్టింది. టీచరుతో సఖ్యతకూ, పిల్లలు చదువులో చూపే పూనికకూ లంకె గట్టిగా ఉంది. మార్కులతో లంకె ఉంది కానీ అంత గట్టిగా లేదు. చిన్న తరగతుల్లో మంచి సంబంధం చేసే మేలు కంటే చెడిన సంబంధం చేసే కీడు వైపు మొగ్గు కనిపించింది. ఈ మొగ్గు 2001లో బ్రిడ్జెట్ హామ్రీ, రాబర్ట్ పియాంటా చూపించినదానితోనూ కలుస్తుంది. వాళ్ళు అమెరికాలో 179 మంది పిల్లల్ని కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా గమనించారు. మొదటి ఏడాది టీచరుతో పేచీ పడ్డ పిల్లలకు ఆ నీడ ఎనిమిదో తరగతి దాకా వెన్నంటి వచ్చింది. పేచీ వల్లే చదువు చెడిందా, చదువు రాకే పేచీ వచ్చిందా అన్నది ఇలాంటి అధ్యయనాలతో పూర్తిగా తేలదు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయని నా నమ్మకం. బడిలో ఒక్క పూట వెనక బెంచీలో కూర్చుని చూసినవాళ్ళెవరైనా అదే అంటారు.

మొదటి ఏడాదికి అంత బలం ఉందంటే, హెబ్బగోడిలో ఒకటో తరగతిలో చేరే తెలుగు పిల్లల సంగతి ఆలోచించాలి. కన్నడ మీడియం తరగతిలో అందరూ "ఒందు, ఎరడు, మూరు" అంటుంటే ఒకడు వేళ్ళు మడుస్తూ "ఒకటి, రెండు, మూడు" అని గొణుక్కుంటాడు. వాడికి లెక్క వచ్చు, ఆ తరగతి మాట రాదు. టీచరు "కన్నడదల్లి హేళు" అని కసిరితే, తనకొచ్చిన లెక్క కూడా రానిదేనేమో అనుకుంటాడు. "రెండా? సరే, అదే ఎరడు" అని కలుపుకుపోతే ఆ పూటకు ఒక అడుగు పడుతుంది. ఆనేకల్ వైపు కాస్తో కూస్తో తెలుగు తెలిసిన టీచర్లు అరుదేమీ కాదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కాబట్టి తలకట్టు, దీర్ఘం నేర్చిన పిల్లలకు సగం దారి దగ్గరే. అది దగ్గరని వాళ్ళకు చెప్పే మనిషి ఒకరుండాలి.

టీచరు ఆశకు శక్తి ఉందని చెప్పడానికి అందరూ ఎత్తే ఉదాహరణ రాబర్ట్ రోసెంతల్, లెనోర్ జాకబ్సన్‌ల ప్రయోగం. కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలందరికీ పరీక్ష పెట్టి, చీటీలు తీసినట్టు ఐదోవంతు మందిని ఎంపిక చేసి, "వీళ్ళు ఈ ఏడు దూసుకుపోతారు" అని టీచర్లకు చెప్పారు. ఏడాది చివర్లో ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే ముందుకెళ్ళారు. 1968లో పుస్తకం వచ్చింది, ప్రపంచమంతా మోగింది. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది. కానీ ఆ క్లాసుల్లో చెప్పని కొసరు ఒకటుంది, నాకు అసలు కథ కంటే అదే ముఖ్యం. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ అలాంటి 18 ప్రయోగాల్ని పోల్చి చూశాడు. టీచరుకు ఆ పిల్లలతో పరిచయమై రెండు వారాలు మించకపోతేనే మంత్రం పనిచేసింది. అప్పటికే బాగా తెలిసిన పిల్లల గురించి ఎవరొచ్చి ఏం చెప్పినా టీచర్లు పెద్దగా పట్టించుకోలేదు. కళ్ళారా చూసినదాన్నే నమ్మారు.

దీన్ని తిరగేసి చూడండి. కొత్తగా బడి మారి వచ్చిన పిల్లాడి గురించి టీచరుకు తెలిసింది సున్నా. ఆ మొదటి వారాల్లో చెవిన పడే ముక్కలే వాడి జాతకమవుతాయి: "వలస వచ్చినవాళ్ళు, ఎన్నాళ్ళుంటారో", "ఇంట్లో చదివించేవాళ్ళు లేరు", "కన్నడం రాదు". ఎవరో దురుద్దేశంతో అననక్కర్లేదు. హాజరు పట్టీలో పేరు చేర్చేటప్పుడు స్టాఫ్ రూములో వినిపించే మామూలు మాటలే ఇవి.

ఆ మాటలు పిల్లాడి దాకా ఎలా చేరతాయో మేరీ బడ్ రోవ్ అనే సైన్సు విద్యావేత్త గడియారంతో కొలిచి చెప్పింది. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం సగటున 1 సెకను ఆగుతున్నారని 1970ల్లో ఆమె రికార్డు చేసిన తరగతుల్లో తేలింది. తెలివైనవాళ్ళని తాము అనుకున్న పిల్లలకు దాదాపు 2 సెకన్లు ఇస్తున్నారు, మందమతులనుకున్న వాళ్ళకు 1 సెకను కూడా ఇవ్వడం లేదు. తెలుగులో ఆలోచించి కన్నడంలోకి మార్చుకోవాల్సిన పిల్లాడికి ఆ సెకనులో ఏమవుతుంది? నోరు తెరిచేలోపు ప్రశ్న పక్క బెంచీకి వెళ్ళిపోతుంది. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న తరగతుల్లో జవాబులు పొడవయ్యాయి, ఎన్నడూ నోరు మెదపనివాళ్ళు మెదిపారు. ఖర్చు లేని మందు ఇది. కాకపోతే నలభై మంది ముందు మూడు సెకన్లు మౌనంగా నిలబడటం టీచరుకు ఎంత కష్టమో ప్రయత్నిస్తే గానీ తెలియదు.

ఇదంతా టీచరు మంచితనం మీద వదిలేసే సంగతి కాదని నిరూపించిన పని ఒకటి మన పక్కనే జరిగింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటి టీచరు బళ్ళ కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందల కార్డులుగా మార్చారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో గోడ మీద నిచ్చెనలా గీసి ఉంటుంది. ఎవరి మెట్టు వాళ్ళది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు అక్కడికి వెళ్ళి చూసొచ్చి, యునిసెఫ్ సాయంతో తమ బళ్ళలో మొదలుపెట్టారు. దానికి నలి కలి అని పేరు. ఆడుతూ పాడుతూ నేర్చుకో అన్నట్టు. 2009 నుంచి కర్ణాటక సర్కారు కన్నడ బళ్ళన్నిటిలోనూ చిన్న తరగతులకు ఇదే పద్ధతైంది. మదనపల్లె నుంచి హెబ్బగోడికి బతకవచ్చిన వాళ్ళ పిల్లలు, తమ ఊరి పక్కన పుట్టిన పద్ధతిలోనే కన్నడ అక్షరాలు దిద్దుతున్నారన్నమాట.

నలి కలి తరగతిలో బెంచీలుండవు. పిల్లలు గుంపులుగా, కన్నడంలో ‘తట్టె’ అంటారు, నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక తట్టెలో పూర్తిగా టీచరు సాయం, ఇంకోదాంట్లో కొంత సాయం, మరి రెండింటిలో తోటి పిల్లల సాయం, చివరిదాంట్లో ఎవరంతట వాళ్ళే. కొత్త సంగతి నేర్చుకోవాల్సిన వాళ్ళు మొదటి తట్టెకు వస్తారు. టీచరు కూడా అక్కడే నేల మీద కూర్చుంటారు. మిగతా పిల్లలు తమ కార్డులతో తాము పనిలో ఉంటారు కాబట్టి, ఆ ఐదారుగురి పలకల మీద ఏముందో టీచరు కంటికి దగ్గరగా కనబడుతుంది. 42లోంచి 17 తీసే పిల్ల ఇక్కడ ఒకరి వెనక దాక్కోలేదు, దాక్కోవాల్సిన అవసరమూ తక్కువే. మొదటి తట్టెలో కూర్చున్నంత మాత్రాన మొద్దు అని కాదు, కొత్త మెట్టు ఎక్కుతోందని అర్థం. రోజులో ఎవరి వంతు వాళ్ళకు వస్తుంది. "నాకు రాదు" అని చెప్పడానికి గుండె ధైర్యం కాక ఒక చోటును కేటాయించిన ఏర్పాటు ఇది.

ఇంకో లాభం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఒకటి నుంచి మూడు తరగతుల దాకా కలిసి కూర్చుంటారు కాబట్టి చాలాచోట్ల ఒకే టీచరు మూడేళ్ళు ఆ పిల్లల్ని చూస్తారు. అమెరికాలోని నార్త్ కరోలినాలో రెండో ఏడూ అదే టీచరు దగ్గర చదివిన పిల్లలు కొద్దిగా మెరుగ్గా రాణించారని ఆండ్రూ హిల్, డేనియల్ జోన్స్ 2018లో చూపించారు. లాభం చిన్నదే, అయితే అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ఎక్కువ. అదే ఏడు రోలండ్ ఫ్రయర్ హ్యూస్టన్ నగరంలో చేసిన ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. ప్రాథమిక తరగతుల్లో సబ్జెక్టుకొక నిపుణుడైన టీచరును పెట్టి చూస్తే మార్కులు పెరగకపోగా తగ్గాయి. ఒక్కో పిల్లాడిని విడిగా చూసుకోవడం తగ్గిందని ఆ టీచర్లే చెప్పారు. రెండో తరగతికే సబ్జెక్టుకో మిస్ ఉన్నారని ఫ్లెక్సీ కట్టే ప్రైవేటు బళ్ళకు ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

హెబ్బగోడి సందుల్లో సాయంత్రమయ్యేసరికి ఇంకో రకం టీచరు కనిపిస్తుంది: ట్యూషన్ అక్క. పీయూసీయో డిగ్రీయో చదువుతున్న అమ్మాయి, ముందు గదిలో చాప, చుట్టూ పదిమంది పిల్లలు. బడిలో నోరు విప్పనివాడు ఇక్కడ "అక్కా, ఇది రాలేదు" అని నోట్సు ముందుకు తోస్తాడు. ఇలాంటి అక్కలను బడిలోనే పెడితే? ప్రథమ్ సంస్థ ముంబయి, వడోదరల్లో అదే చేసింది. బాల్‌సఖి పేరుతో, చుట్టుపక్కల ఉండే ఆడపిల్లల చేత మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లలకు రోజుకు రెండు గంటలు విడిగా చెప్పించారు. 2007లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, సహచరులు వెల్లడించిన ఫలితాల ప్రకారం బాగా బాగుపడింది అట్టడుగు పిల్లలే. మన ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన ప్రయోగంలోనూ ఇలాంటిదే బయటపడింది. 100 బళ్ళకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇస్తే రెండేళ్ళలో లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి. ఎక్కువగా ఆ ఊరివాళ్ళే అయిన ఈ కాంట్రాక్టు టీచర్లు, రెగ్యులర్ టీచర్ల కంటే తక్కువగా బడి ఎగ్గొట్టారు. దీన్నంతా అనుబంధం ఖాతాలో వేసేయడం తప్పు. తరగతిలో పిల్లలు తగ్గడం, టీచరు రోజూ రావడం కూడా అందులో ఉన్నాయి. కానీ రాని టీచరుతో ఏ బంధమూ కుదరదు కదా.



ఇంతా చెప్పాక మెతకదనమే మందు అనుకుంటే పొరపాటు. అలాస్కాలో ఆదివాసీ పిల్లలకు చెప్పే టీచర్లను గమనించిన జుడిత్ క్లైన్‌ఫెల్డ్ 1975లో ఒక మాట రాసింది. అక్కడ పిల్లల చేత ఎక్కువ చదివించగలిగినవాళ్ళు కఠినులు కాదు, జాలిపడి వదిలేసేవాళ్ళూ కాదు. ఆప్యాయంగా ఉంటూనే పని పూర్తయ్యేదాకా పట్టు సడలించనివాళ్ళు. "పాపం వలసొచ్చిన పిల్లాడు, పోనీలే" అనే జాలికీ, "వీడికి రాదులే" అనే చులకనకూ పలక మీద కనిపించే ఫలితం ఒకటే. రెండు సందర్భాల్లోనూ వాడిని ఎవరూ ఏమీ అడగరు.

అడగడానికి టీచరుకు తీరిక ఉండాలి. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు. నలి కలి తరగతిలో సంఖ్య అంతకు మించితే మొదటి తట్టె దగ్గర టీచరు నిలకడగా కూర్చోలేరు. దానికి తోడు పై పనులు. 2025లో కర్ణాటక సామాజిక, విద్యా సర్వేకు ఇంటింటికీ తిరిగింది బడి టీచర్లే. సర్వే తెమలకపోవడంతో దసరా సెలవుల్ని అక్టోబరు 18 దాకా పొడిగించారు. కొత్తగా చేరిన పిల్లలకు, వాళ్ళ మిస్‌కు మధ్య కుదరాల్సిన పరిచయంలోంచి తీసేసిన రోజులవి.

సెలవులకు సొంతూరు వెళ్ళి ఆలస్యంగా తిరిగొచ్చే పిల్లల విషయంలో నలి కలి నిచ్చెన ఒక వెసులుబాటు ఇస్తుంది. తరగతి ముందుకు పోయినా ఆ పిల్ల కార్డు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది, అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ వెసులుబాటు పోయి, బెంచీలు, బోర్డు, అందరికీ ఒకే పాఠం. అందుకే పాఠశాల సమితి సమావేశానికో, పేరెంట్స్ మీటింగుకో ఒక పూట జీతం వదులుకుని వెళ్ళే అమ్మానాన్నలు "ఎన్ని మార్కులు?" అన్నదాంతో ఆపకుండా "మా పిల్ల ఏ లెక్క దగ్గర తప్పుతోంది మిస్?" అని అడగాలి. తెలుగులో అడిగినా ఆ మిస్‌కు అర్థమయ్యే అవకాశం లేకపోలేదు. జవాబు వెంటనే రాకపోతే, వచ్చే నెల మళ్ళీ వెళ్ళి అదే అడగొచ్చు.